మామయ్య ఎక్కిన బస్సు

ఆ సాయంత్రం ఆరింటిలోగా మేనకోడలు కాలేజీకి ఫోన్ చేసి ఒక్క మాట చెప్పాలి, వెళ్తానో వెళ్లనో. వేసవి మూడు నెలలూ పరాయి దేశంలో చదువు. తరగతి మొత్తానికి ఒక్క సీటొస్తే అది ఈ పిల్లకే వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ పిల్లకి అన్నం సయించడం లేదు. అక్కడ దారి తప్పితే? నోట మాట రాక పదిమందిలో నవ్వులపాలైతే? వెళ్లనని చెప్పేద్దామని దాదాపు నిశ్చయించుకుంది. తల్లి ఏం చెయ్యాలో తోచక తన అన్నగారికి కబురు పెట్టింది. పాత పుస్తకాలు బాగుచేసే పని నేర్చుకోవడానికి ముప్పై అయిదేళ్ల కిందట ఆయన కూడా ఓ వేసవి విదేశంలో చదివొచ్చాడు. చదివింది మూడు నెలలు, చెబుతున్నది ముప్పై అయిదేళ్లు.

ఆయన వచ్చాడంటే ఎదురింటి దర్జీ మిషన్ ఆపి మరీ వరండాలోకి వచ్చి కూర్చుంటాడు. ఇవాళా వచ్చాడు.

మామయ్య టీ గ్లాసు అందుకుని నెమ్మదిగానే మొదలుపెట్టాడు.

"చెప్పులు కుట్టే షాపు పైన గదమ్మా నాది. మెట్లెక్కుతుంటే చెక్కలు కిర్రుమనేవి, కింద నుంచి ఒకటే జిగురు వాసన. సాయంత్రం ఎంతసేపటికీ వెలుతురు పోయేది కాదు. ఆ కిటికీ దగ్గర కూర్చున్న హాయి, నిజం చెబుతున్నా, మళ్లీ ఎక్కడా ఎరగను. పొద్దున్నే బస్సు. వారం తిరక్కుండానే డ్రైవరుకి నా మొహం అలవాటైపోయింది, స్టాపు కాకపోయినా నన్ను చూస్తే ఆపేవాడు."

అంతవరకూ ఫరవాలేదన్నట్టు దర్జీ తలూపాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఓ రోజు రోడ్డంతా తవ్వేశారు, డ్రైవరుకి పాలుపోలేదు, వెనక్కి తిరిగి ఎటు పోనివ్వమంటారని నన్నే అడిగాడు, నేను కుడికి తిప్పమన్నాను, మళ్లీ ఎడమకన్నాను, అంతే, పది నిమిషాలు ముందే చేరాం. ఆ కబురు డిపోకి పాకింది. ఇంక చూసుకో, ఊళ్లో ఏ డ్రైవరుకి దారి అనుమానం వచ్చినా మా గది కింద బస్సాపి హారన్ కొట్టడం, నేను కిటికీలోంచి చెయ్యి చూపించడం."

పళ్లు తోముకునేటప్పుడు వస్తే ఏం చేసేవారని దర్జీ అడిగాడు. బ్రష్షుతో చూపించేవాణ్ణని ఠక్కున చెప్పాడు మామయ్య. ఆయనకి జ్వరమొచ్చిన రోజు ఊళ్లో ఒక్క బస్సూ కదల్లేదట. మేయరే స్వయంగా ఆ చెక్కమెట్లెక్కి కాళ్లబేరానికొస్తే, దుప్పటి కప్పుకునే ఏ బస్సు ఎటు పోవాలో చెప్పి పంపాడట. తిరిగొచ్చే రోజు రెండొందల నలభై బస్సులూ విమానం వెనకాల పరిగెత్తాయట, వాటిలో ఒకటి బెంగ పట్టలేక కాస్త గాల్లోకి కూడా లేచిందట.

దర్జీ పొట్ట పట్టుకుని నవ్వాడు గానీ మేనకోడలు నవ్వలేదు. మామయ్య మాట బస్సులు కూడా విన్నాయి, తన మాట మనుషులైనా వింటారా? వింటున్నకొద్దీ ఆ ఊరు మరింత దూరమైపోయింది. లేచి, "అమ్మా, వెళ్లనని చెప్పేస్తున్నా" అని గుమ్మం వైపు నడిచింది.

తల్లి ఇంక ఊరుకోలేదు.

"అన్నయ్యా, మొదటి రోజు ఆ బస్సులో నాలుగు చుట్లు ఎందుకు తిరిగావో అది చెప్పు. నాకు ఉత్తరం రాశావుగా. ఏడుస్తూ రాశావేమో, సగం అక్షరాలు అలుక్కుపోయి ఉన్నాయి."

నలుగురిలో అనేసిందని మామయ్యకి చర్రున కోపం వచ్చింది. గుమ్మంలో ఆగిన పిల్ల మొహం చూశాక దిగిపోయింది. గ్లాసు కింద పెట్టి అసలు సంగతి చెప్పాడు. ఇక్కడైతే ఓ కేక వేస్తే ఆపుతారు. అక్కడ దిగాలంటే బటన్ నొక్కాలని ఆయనకి తెలీదు. తన స్టాపులో ఇంకెవరూ దిగలేదు, బస్సు ఆగలేదు. ఊరంతా చుట్టి మళ్లీ అక్కడికే వచ్చే బస్సది. ఎవర్నైనా అడగడానికి నామోషీ. అలా నాలుగు చుట్లయ్యాయి, మొదటి రోజు పాఠం కాస్తా అయిపోయింది.

"తర్వాత?" అంది మేనకోడలు.

"పక్కన ఒక ముసలావిడ కూర్చుంది. నాకు నోరు పెగల్లేదమ్మా, వేలితో బయటికి చూపించాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆ బటన్ మీద పెట్టింది. బస్సాగింది. ఎవరూ నవ్వలేదు. మళ్లీ ఆ ఊళ్లో నాకెప్పుడూ భయం వెయ్యలేదు."

ఆ మాటంటూ ఆయన గాల్లోనే ఆ బటన్ మరోసారి నొక్కాడు. ఆ వేసవి మీద ఆయనకింత బెంగ ఉందని మేనకోడలికి ఇన్నాళ్లూ తెలీదు. లోపలికెళ్లింది. కాసేపటికి ఫోన్లో ఆ పిల్ల గొంతు వరండాలోకి వినిపించింది, తప్పకుండా వెళ్తానని చెబుతోంది. తల్లి కొంగుతో కళ్లొత్తుకుంది.

పిల్ల బయటికొచ్చేసరికి మామయ్య దర్జీ వైపు వంగి గొంతు తగ్గించి చెబుతున్నాడు.

"ఇంతకీ ఆ ముసలావిడ ఎవరనుకున్నావయ్యా? ఆ దేశం రాజుగారికి సొంత మేనత్త..."

"మామయ్యా," అంటూ మేనకోడలు పక్కన కూర్చుంది. "ఆవిణ్ణి మాత్రం మామూలు మనిషిగానే ఉండనివ్వు. రాజుగారి మేనత్త నేనెక్కే బస్సులో ఎందుకుంటుంది?"