పెద్దన్న తాత ఆపిన రైళ్లు

"దగ్గరికి రాండ్రి పిల్లలూ, ఆ పట్టాల కాడ కాదు, గిట్ల నా ముందర కూసోండ్రి. టికెట్లు తెగలేదని మన టేషన్ మూసిండ్రట! ఎవడన్నడా మాట? నా ముందరికొచ్చి అనుమను!"

గడ్డి మొలిచిన ప్లాట్‌ఫారం మీద కూర్చుని పెద్దన్న తాత మండిపడుతున్నాడు. స్టేషన్ నడిచినన్నాళ్లూ ఆయన ఇక్కడ హమాలీ.

"ఓనాడు నెలలు నిండిన ఆడమనిషి ఉరుక్కుంట వస్తున్నది, బండేమో కదిలింది. 'ఆగు!' అని ఒక్క కేక ఏసిన. ఆగింది."

"గార్డు చూసి ఆపిండేమో," అంది పల్లికాయ ఒలుస్తున్న జములమ్మ.

"నువ్వూకో ఒదినే! ఆ తర్వాత ఏమైందో తెలుసా? బండ్లకు నా గొంతు అలవాటైంది. నేనిక్కడ దగ్గితే గద్వాలల కదిలే బండి ఆగేది. ఓసారి పెబ్బేరు సంతల కోడె తప్పించుకుంటే 'ఆగు!' అన్న. కోడె ఆగింది, సంతల ఎడ్లన్నీ ఎత్తిన కాలు ఎత్తినట్టే నిలబడ్డయి, బ్రిడ్జి మీద ఎక్స్‌ప్రెస్ ఆగింది, కింద పారే కృష్ణ గూడ ఆగింది! చేపలు తలకాయలు బయటపెట్టి, ఏంది గీ పరేషాన్ అని చూసినయి. నేను 'పో' అన్నంకనే నీళ్లు కదిలినయి."

"మరి మొన్న నీ మేక మా చేన్ల పడితే ఎందుకాగలే?"

"మేకకు బుద్ధుంటదా ఒదినే? రైలుకుంటది! అందుకే మూసిండ్రు. ఢిల్లీ నుంచి పెద్ద సారొచ్చి నా కాళ్లు పట్టుకున్నడు. 'పెద్దన్నా, దేశంల బండ్లన్నీ నీకోసం ఆగుతున్నయి, టేషన్ మూసుకుంటం, జర గమ్మునుండు' అన్నడు. నాకు భయపడి మూసి, ఊరి మీద నింద పెడతరా? ఇంతమందిమి ఎక్కినం, దిగినం. మనం మనుషులం కామా?"

దూరంగా కూత వినిపించింది. పిల్లల్లోంచి శ్రుతి లేచి నిలబడింది.

"తాతా, మా అమ్మ గా బండిలనే ఉన్నది. పాలమూరుల మిల్లు పని చేసి వస్తది. రోజూ కిటికీలకెళ్లి మా ఇల్లు చూసుకుంటనే గద్వాల దాంక పోయి, మల్ల ఆటోల ఎనుకకు వస్తది. జర ఆపు తాతా."

ఎవరూ నవ్వలేదు. తాత లేచాడు. తువ్వాల ఊపుతూ, మెడ నరాలు ఉబ్బేటట్టు అరిచాడు. "ఆగు!"

బండి ఆయన ముఖాన దుమ్ము కొట్టి పోయింది. ఒక కిటికీలోంచి చెయ్యి ఊగింది. శ్రుతి కూడా ఊపింది.

తాత తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. పిల్లల వైపు తిరిగాడు.

"ఇంక ఇండ్లకు పోండ్రి, బువ్వలు తినుండ్రి. శ్రుతీ, నువ్వు మా ఇంటికి రా బిడ్డా. మీ అమ్మ వచ్చేసరికి పొద్దుపోతది."