నీళ్లు నిలిచిన సాళ్లను దాచని దేవకుమారి గారు

1965 జూలై 5, సోమవారం ఉదయం తెనాలిలో క్షేత్ర సహాయకురాలిగా ఉద్యోగ జీవితాన్ని ఆరంభించిన శ్రీమతి దేవకుమారి గారు, ముప్పై రెండేళ్ల నిష్కళంక సేవానంతరం, ఈ నవంబరు నెలాఖరున బాపట్లలోని మా పరిశోధన విభాగం నుండి పదవీ విరమణ చేస్తున్నారు. రేపల్లెలో ఒక ఉపాధ్యాయుని ఇంట పుట్టిన ఆమెకు అక్షరం మీద భక్తి తండ్రి గారి నుండి వచ్చింది. మట్టి మీద మమకారం ఎక్కడి నుండి వచ్చిందో గాని, ఎండలో పని పడితే పురుషోద్యోగులమైన మేము గొడుగులు వెతుక్కునేలోపే ఆమె చేలో ఉండేవారు.

1981లో బాపట్లకు బదిలీ అయి, ప్రతికూల వాతావరణం పంటల దిగుబడిని ఎలా దెబ్బతీస్తుందన్న అధ్యయనంలో చేరారు. 1985 నవంబరులో కొల్లూరు లంకలో, రైతు బసవేశ్వరరావు గారి పొలంలో బంగాళాదుంప వేయించారు. రాత్రిళ్లు నేల చల్లబడకపోతే ఆకు ఏపుగా పెరిగినా దుంప ఊరదు. అందుకని సగం సాళ్లకు వరిగడ్డి కప్పించి, తక్కినవి వదిలేసి, రోజూ తెల్లవారుతుండగా థర్మామీటరు గుచ్చి మట్టి వేడి నమోదు చేసేవారు. ఈ పంట బాగుందంటే పసుపు తోటలు తీసేసి దుంప వేయడానికి లంకలో ఇరవై కుటుంబాలు కాచుకుని ఉన్నాయి.

క్రిస్మస్‌కు ఆమె రేపల్లె వెళ్లి మూడో రోజున తిరిగివచ్చేసరికి పల్లపు సాళ్లలో మడమ లోతు నీళ్లు. తరతరాలుగా వరి పండించిన చేతులు బసవేశ్వరరావు గారివి. పొడి నేల చూస్తూ ఊరుకోలేకపోయాయి.

"ఏంటమ్మా, చేను నోరెండిపోతుంటే చూస్తా కూర్చోమంటారా? ఇంజను వేసి తడిపానండి," అన్నారాయన, ఆమె మెచ్చుకుంటారనుకుని.

ఫిబ్రవరిలో తవ్వితే పల్లపు సాళ్లలో దుంప కుళ్లిపోయింది. గడ్డి కప్పని చోట గోలీలంతే ఊరింది. గడ్డి కప్పిన మెరక సాళ్లలో మాత్రం ముచ్చటైన దిగుబడి. అప్పటి పై అధికారి ఒకరు ఆ మంచి సాళ్ల సగటునే పంపమన్నారు. ఆ సగటును నమ్మితే లంకలో పసుపు తోటలు మిగలవు. దేవకుమారి గారికి రావలసిన ప్రమోషన్ కాగితమేమో ఆయన బల్ల మీదే ఉంది.

"అన్ని సాళ్లూ రాస్తానండి. నీళ్లు పెట్టొద్దని రైతుకి చెప్పకుండా వెళ్లింది నేనే. అదీ రాస్తాను," అన్నారామె.

అలాగే రాశారు. ప్రమోషన్ రెండేళ్లు వెనక్కి పోయింది. ఇరవై తోటలు నిలిచాయి. నేటికీ కొత్తగా చేరినవారి చేత మేము మొట్టమొదట చదివించేది ఆ నివేదికనే. ఆమె పక్క బల్ల దగ్గర పదహారేళ్లు పనిచేశామని చెప్పుకోవడం మాకెంతో గర్వకారణం.

ఈ చలికాలం రేపల్లె ఇంటి పెరట్లో భర్త జ్ఞానానందం గారితో కలిసి రెండు సాళ్లు దుంప వేశారు. క్రిస్మస్‌కు చూడవస్తానన్న బసవేశ్వరరావు గారికి ఆమె నుండి కబురు వెళ్లింది: "తప్పకుండా రండి బాబాయి గారూ. నీళ్లు మాత్రం నేను పెట్టుకుంటాను."

తన పొరపాటును తానే రాసి సంతకం పెట్టిన ఆ చేయి, ఆయురారోగ్యాలతో ఇంకా ఎన్నో పంటకాలాలు మట్టిని తాకుతూ ఉండాలని మనసారా కోరుకుంటున్నాము.