అభ్యంతరం లేదు

తెనాలి మున్సిపల్ ఆఫీసు మెట్ల మీద, మీటింగు ముగించుకొచ్చిన కౌన్సిలరమ్మకి ఆమె వార్డులోని పెద్దావిడ వేడి బూరెల డబ్బాతో ఎదురొచ్చింది.

"గెలిచామా అమ్మాయ్? ఫంక్షన్ హాల్లో మందుకి పర్మిషన్ ఆగిపోయిందా?"

"మాటిచ్చినట్టే నేను చెయ్యెత్తలేదు పిన్నీ."

"బంగారు తల్లివి! ఎంతమంది ఎత్తారేంటి?"

"ఒక్కరూ ఎత్తలేదు."

"అయితే ముందు బూరె తిను!"

"వద్దు పిన్నీ. గుమాస్తా ఆ పర్మిషన్ తీర్మానం చదివాడు, అంతా ఊరుకున్నాం. ఎవరూ కాదనలేదు కాబట్టి అభ్యంతరం లేదని రాసేసుకున్నారు."

"మరి నువ్వు కాదనలేదా?"

"కొత్తదాన్ని కదా. చెయ్యెత్తకపోతే కాదన్నట్టే అనుకున్నా."

"మీ బాబాయిని కారుతో గుద్ది చంపినవాడు ఆ హాలు వెనక చాటుగా నిలబడి తాగాడమ్మా."

"తెలుసు పిన్నీ."

"ఇక కుర్చీ వేసి మరీ పోస్తారు."