శాఖ మార్పు ఫారం

స్కాలర్‌షిప్ సెక్షన్ కిటికీలోంచి ఆ అమ్మాయి శాఖ మార్పు ఫారం లోపలికి జరిపింది. గుమస్తా దాన్ని చూడకుండానే నవ్వాడు.

"నేనే కబురు పెడదామనుకున్నానమ్మా. నీ పంట పండింది."

"ఏమైంది సార్?"

"కిందటేడు నీ స్కాలర్‌షిప్ దాతగారికి కృతజ్ఞతగా ఉత్తరం రాశావు చూడు, రాళ్లు నాతో మాట్లాడతాయని. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకున్నారట. చనిపోయిన తన కూతురే రాసినట్టుందట."

"ఆ మాట మీరే రాయమన్నారు సార్."

"రాయబట్టే కదా, భూగర్భశాస్త్రంలో పీహెచ్‌డీ దాకా స్కాలర్‌షిప్ ఇస్తానన్నారు. ఇంకో ఆరేళ్లు నీకు ఢోకా లేదు."

"నాతో ఒక్క రాయీ మాట్లాడలేదు సార్. లెక్కల్లోకి మారదామని వచ్చాను."

"మారచ్చు. మారితే ఇది ఆగిపోతుంది. పొద్దున మీ ఇంటికి ఫోన్ చేసి చెప్పేశాను కూడా."

"చెప్పేశారా?"

"మీ నాన్నే ఎత్తారు. మీ చెల్లెలు ఫోన్ లాక్కుని, అయితే ఇక అక్క చదువు ఖర్చు లేదుగా, నేనూ కాలేజీలో చేరచ్చన్నమాట అంది."

ఆమె ఫారం కోసం చెయ్యి చాపింది. గుమస్తా దాన్ని తిరగేసి, పెన్నుతో సహా ఇచ్చాడు.

"వెనకవైపు ఖాళీగానే ఉంది. ఈ ఏటి ఉత్తరానికి చిత్తుప్రతి దీనిమీదే రాసెయ్యి."