ఇద్దరి పేరున

మామిడికుదురులో వచ్చే నెల రిటైరవుతున్న టీచరు, ఆమె భర్త రాత్రి భోజనానికి కూర్చున్నారు.

"తడి తువ్వాలు మళ్ళీ కుర్చీ మీదే వేసేరు."

"దండెం నిండా నీ చీరలే మరి. అది సరేగానీ, ఉద్యోగంలో దాచిన పెన్షన్ సొమ్ము ఏం చేస్తున్నావు?"

"నా ఒక్కదాని పేరునైతే నెలకి ఎక్కువొస్తుందంట, కానీ నాతోనే ఆగిపోతుంది. ఇద్దరి పేరునైతే కాస్త తగ్గుతుంది, నేను పోయినా మీకొస్తుంది."

"ఎక్కువొచ్చేదే తీసుకో. నీకంటే ఎనిమిదేళ్ళు పెద్దోణ్ణి, ముందు పోయేది నేనే."

"అది మీరెలా చెబుతారండీ?"

"నువ్వు లేని ఇంట్లో నాకు డబ్బెందుకే?"

"మందులకండీ. అమ్మాయిని అడగడానికి మొహమాటపడి బీపీ మాత్రలు మానేస్తారు. మీ సంగతి నాకు తెలీదా?"

కూతురు చేపల పులుసు తెచ్చి మధ్యలో పెట్టింది.

"శారోన్, రేపు సంతకం పెట్టేస్తున్నా. మీ నాన్నగారి పేరు కూడా రాయిస్తున్నాను."

"ఆయ్," అన్నారాయన. "నువ్వు నాకంటే ముందు వెళ్ళనని కూడా రాయించు."