పులిని ఏడిపించిన టేపు

అరకు స్టేషన్ ఎదురుగా అప్పలనర్సమ్మ టీ కొట్టులో శుక్రవారం సంతరోజు బెంచీ మీద చోటు దొరకడమే కష్టం. వరహాలరావు కూర్చుని ఉంటే మరీ కష్టం. ఆయన కోతలు వినడానికి సంతలో బేరం సగంలో వదిలేసి వచ్చేవాళ్లు కూడా ఉన్నారు. కానీ రెండువేల ఒకటో సంవత్సరం నవంబరులో ఆ శుక్రవారం ఆయన సరదాకి నోరు విప్పలేదు. పంతానికి విప్పాడు.

వరహాలరావుది శృంగవరపుకోట. ఎప్పుడో ఘాట్ రోడ్డెక్కి వచ్చి, క్యాసెట్ల షాపు పెట్టుకుని, రేడియోలు బాగుచేస్తూ ఇక్కడే ఉండిపోయాడు. ఆయనకో పిచ్చి ఉంది. అమెరికాలో గొడ్లు కాసుకునేవాళ్ల పాటలుంటాయి, కంట్రీ పాటలంటారు. వాటిలో గిటారును ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి తీగల మీద ఇనప కడ్డీ జారిస్తే, లోపలెక్కడో పట్టి లాగే ఒక మోత వస్తుంది. దాన్నే స్టీల్ గిటారంటారు. ఆ మోత ఏ పాత టేపులో ఉందని తెలిసినా వెళ్లి పట్టుకొచ్చేవాడు. పోర్టులో ఓడ దిగిన కళాసీలను బతిమాలాడు, దసరాకి వచ్చే బెంగాలీ టూరిస్టుల వెంటపడ్డాడు, విశాఖలో పాతసామాన్ల కొట్లన్నీ గాలించాడు. ఇరవై ఏళ్లలో అరవై చిల్లర క్యాసెట్లు పోగయ్యాయి. అన్నిటికన్నా గొప్పది మాత్రం ఇక్కడే, పక్క కొండ మీది కురిడిగుడలో దొరికింది. గాసి అనే రైల్వే ట్రాక్‌మేన్ వాయించిన టేపు అది. గాసి పోయి రెండేళ్లయింది. పోయేముందు వరహాలరావు అతని చెయ్యి పట్టుకుని, నీ పేరు బయటికి తెస్తానని మాటిచ్చాడు.

ఆ పేరు సంగతి తేల్చడానికే విశాఖ నుంచి కృష్ణమూర్తి పొద్దుటి కిరండూల్ బండిలో వచ్చాడు. బ్యాంకులో రిటైరైన మనిషి. ఇంట్లో వెయ్యి గ్రామఫోను రికార్డులున్నాయి. పాత స్టీల్ గిటారు పాటలు ఏరి ఒక క్యాసెట్ వేయిస్తున్నాడు. గాసి టేపు నకలు ఆయనకి ముందే చేరింది, నచ్చింది కూడా. కానీ ఆయన టైపు చేయించిన జాబితాలో పదకొండో పాట ఎదురుగా ‘వాయించినవారు: తెలియదు, అమెరికా’ అని ఉంది. మధ్యాహ్నం బండికి ఆయన కొండ దిగిపోతాడు. ఈలోగా ఆ ముక్క మార్పించకపోతే గాసి ఇక ఎప్పటికీ తెలియనివాడే.

“సారూ, ముందు టీ తాగండి. ఈ టేపు కోసం నానెంత కట్టపడ్డానో సెప్తాను. ఇన్నాక మీరే దిద్దుతారు,” అని వరహాలరావు కండువా భుజం మార్చుకున్నాడు. “గాసి వాయిత్తంటే టేపులోకి పట్టింది ఆళ్లూరి పాస్టరు గారు, ఎనబై మూడులో. తరవాత ఆరికి హుకుంపేట బదిలీ అయిపోనాది. బస్సు నేదు. అయితే ఏటి? నడిసెల్లినాను.”

“హుకుంపేట దాకా నడిసేనేటి?” అన్నాడు యర్రయ్య. ఈయన గాసితో కలిసి పట్టాల మీద పనిచేసి రిటైరైనవాడు.

“నడిసే. పాస్టరు గారు టేపు సేతిలో ఎట్టినారు. ఒచ్చీటప్పుడు వాన. గెడ్డ పొంగిపోతంది. టేపు ఓ సేత్తో పైకెత్తినాను, రికార్డరు రెండో సేత్తో ఎత్తినాను, దూకీసినాను.”

“మరి ఈదింది ఏ సేత్తో?” అంది అప్పలనర్సమ్మ, పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ.

“కాళ్లు నేవేటమ్మా నాకు? ఒడ్డెక్కినాను. ఆ తరవాత ఏటయినాదో తెల్సా? ఎదురుగా పులి.”

బెంచీ అంతా ఒక్కసారి కదిలింది. కృష్ణమూర్తి కూడా నవ్వాడు. చూరు కింద అల్లం బుట్ట పెట్టుకుని కూర్చున్న సోములమ్మ మాత్రం నవ్వలేదు. ఆవిడ గాసి భార్య. ప్రతి శుక్రవారం కొండ దిగి వస్తుంది. సారు వచ్చాడని తెలిసి ఆవేళ సంతలోకి పోకుండా ఇక్కడే బుట్ట దించింది.

“పులి దగ్గిరికి ఒచ్చినాది. పరిగెత్తితే ఊరుకుంటాదేటి? బటను నొక్కినాను. గాసి గిటారు మొదలైనాది. సారూ, మీరు నమ్మండి, పులి అక్కడికక్కడే కూకుండిపోనాది. కళ్లంట నీళ్లు. ముందుకాలితో తుడుసుకున్నాది. పాట అయిపోనాక రెండోసారి ఎయ్యమని తోక ఊపినాది. ఏసినాను. ఇంకేటి సేత్తాను?”

“పోనీ, స్టేషన్ దాకా దింపినాదా?” అన్నాడు యర్రయ్య.

“దింపకపోతే ఎలాగొచ్చినాననుకున్నావు?”

నవ్వులు లేచాయి. వరహాలరావు ఆ నవ్వుల మధ్య ఓరగా కృష్ణమూర్తిని చూశాడు. ఆయన జేబులోంచి తీసిన పెన్ను జాబితా మీద పెట్టాడు గాని మూత తియ్యలేదు. ఇంకాస్త గట్టిగా చెబితే తీస్తాడేమో అనిపించింది వరహాలరావుకి.

“అక్కడితో అయిపోనాదా? కాలేదు. బండెక్కినాను. మన లైనులో కొండలు తొలిసిన బోగదాలెన్ని? యాభై ఎనిమిది. మొదటి దాన్లోకి బండి దూరగానే టేపేసినాను. ఆ మోత బోగదాలో ఇరుక్కుపోనాది. బండి బయటికొచ్చినాది, మోత రానేదు. సరే పోనాది అనుకున్నాను. రెండో బోగదాలోకి ఎల్లీసరికి అక్కడ మాకన్నా ముందే ఒచ్చి కూకున్నాది! అలాగ యాభై ఎనిమిదీ. ఆఖరి దాని కాడ ఎదురు లైనులో ఇనప రాయి బండి ఆగున్నాది. పెట్టెల్లో రాయంతా ఒక్కసారి జుమ్మని లేచి గాసి పాటకి వంత పాడినాది. డ్రైవరు దిగి దండం ఎట్టినాడు.”

“రాయికా, నీకా?” అంది అప్పలనర్సమ్మ.

“గాసికి! ఆ తరవాత ఏటయినాదో తెల్సా? పోర్టుకెల్లినాను. అమెరికా ఓడొకటి లంగరెత్తేసినాది, ఎల్లిపోతంది. గట్టు మీద నిలబడి టేపేసినాను. ఓడ ఆగిపోనాది. కెప్టెను నీళ్లలో దూకి ఈదుకొచ్చినాడు, టోపీ తీసీసి గుండెల మీద ఎట్టుకున్నాడు. మా దేశంలో ఇంత బాగా ఎవుడూ వాయించనేడు, ఆ గిటారు ఇప్పించమన్నాడు. ఇచ్చినాను. ఇవాళ అది అమెరికాలో అద్దాల పెట్టెలో ఉన్నాది. గొడ్లు కాసీవోళ్లంతా బూట్లు ఇప్పీసి దాని సుట్టూ తిరుగుతున్నారు.”

“కడ్డీ కూడా అక్కడే ఉందా?” అన్నాడు కృష్ణమూర్తి నెమ్మదిగా.

ఆ గొంతులో తేడా వరహాలరావుకి తెలిసింది. ఇక్కడ ఆపాలని కూడా తెలిసింది. కానీ ఆపితే ఏమవుతుందో రెండేళ్లుగా చూస్తున్నాడు కదా, ఒళ్లు మండి ఇంకో మెట్టు ఎక్కాడు.

“కడ్డీనా సారూ? అది వెండిది. ఆకాశం లోంచి సుక్క ఊడి గాలికొండ మీద పడితే, గాసి దాన్ని ఏడి సల్లారకముందే పట్టుకుని, సుత్తితో సాగదీసినాడు. సుక్కతో వాయిత్తే పులి ఏడవక ఏం సేత్తాది?”

కృష్ణమూర్తి పెన్ను జేబులో పెట్టుకున్నాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మంచి మనిషే, ఎవరినీ నొప్పించాలని రాలేదు.

“వరహాలరావు గారూ, బాగా నవ్వించారు. కానీ నేను నలభై ఏళ్లుగా రికార్డులు వింటున్నాను. ఈ టేపులో మొదటినుంచీ ఒక గరగర ఉంది. అది గీతలు పడిన పాత రికార్డు గరగర. ఎవరో అమెరికా వాడి రికార్డు తిరుగుతుంటే పాస్టరు గారు పట్టి ఉంటారు. పద్ధతి అంతా అక్కడిదే. నేను తెలియదు అనే ఉంచుతాను.”

ఎవరూ నవ్వలేదు. వరహాలరావు ముఖం కందగడ్డ అయింది. కండువా మళ్లీ భుజం మార్చి, ఇంకో కోతకి నోరు తెరిచాడు.

“వరాలు బాబు,” అంది సోములమ్మ, బుట్ట పక్కకి జరిపి. ఆవిడ ఎప్పుడూ గట్టిగా మాట్లాడదు. అప్పుడూ గట్టిగా మాట్లాడలేదు. “నువ్వు హుకుంపేట ఎప్పుడెల్లినావు?”

“అప్పా, నువ్వు కాసేపు...”

“గెడ్డ నేదు. పులీ నేదు. పాస్టరు బాబు ఇచ్చీసెల్లిన టేపు నా పెట్టెలో ఉండీది, సీరల కింద. నువ్వొచ్చి అడిగినావు. నాను ఇచ్చినాను. అంబలి తాగి ఎల్లినావు. ఓ సుట్ట కాలీసరికి మా ఇల్లొచ్చీత్తాది.”

ఈసారి నవ్వు కొట్టు దాటి రోడ్డు మీదికి పోయింది. యర్రయ్యకి దగ్గొచ్చింది. సోములమ్మ ఆ నవ్వు పూర్తవనిచ్చి, కృష్ణమూర్తి వైపు తిరిగింది.

“గిటారు అమెరికా ఎల్లనేదు బాబు. పనస సెక్కతో సేసుకున్నాడు. సైకిలు బ్రేకు తీగలు బిగించినాడు. మా కొండ మీద మనిషి పోతే ఆడి సామాను ఆడి కాడే ఒదిలీత్తాం. గోతి మీద ఎట్టినాం. రెండు వానలకి సెదలు తినీసినాయి.”

“ఎక్కడ నేర్చుకున్నాడమ్మా?”

“లైను ఏసినప్పుడు దొరొకడు ఉండీవోడు. ఆడింట్లో ఈడు నీళ్లు మోసీవోడు. దొర ఇలాటి గిటారు పాట ఎట్టుకుంటే ఈడు కిటికీ కాడ నిలబడి ఇనీవోడు. కడ్డీ సుక్కా కాదు, వెండీ కాదు. రైలు బోల్టు. పట్టా పట్టా కలిపీది. అరిగిపోనాదని రైలోళ్లు పారేసింది. మర గాట్లున్న ఏపు తీగ మీద ఎట్టీవోడు. గరగరలాడీది. నున్న ఏపు తిప్పి వాయించరా అని నాను రోజూ తిట్టీదాన్ని. నవ్వీవోడు.”

కృష్ణమూర్తి కళ్లద్దాలు పెట్టుకున్నాడు. వరహాలరావు గాసి టేపు వేసి తెచ్చి బెంచీ మీద పెట్టిన రికార్డరు దగ్గరికి లాక్కుని మీట నొక్కాడు. గిటారు మొదలైంది. ఆయన తల వంచి, వేలితో బల్ల మీద కొడుతూ లెక్కపెట్టాడు. రికార్డు మీద గీత పడితే ఆ గరగర చుట్టుచుట్టుకీ ఒకే ఎడంతో రావాలి. ఇది అలా రావడం లేదు. మోత పైకి జారినప్పుడు గరగరమంటోంది. కిందికి జారినప్పుడు గరగరమంటోంది. వాయించే చెయ్యి ఒకచోట నిలిస్తే గరగర కూడా నిలిచిపోతోంది. రెండోసారి విన్నాడు. మూడోసారి వినక్కర్లేకపోయింది.

“ఇది రికార్డు కాదు,” అన్నాడు. సిగ్గుపడ్డాడు, దాచుకోలేదు. “మరే. తీగ మీద మర. ఇన్నిసార్లు విని కూడా నేను పోల్చుకోలేదు.” తరవాత వరహాలరావు మీద కాస్త కోపం కూడా వచ్చింది. “అయ్యా, ఈ బోల్టు సంగతి ముందే చెప్పొచ్చు కదా! పులులూ చుక్కలూ ఎందుకు?”

వరహాలరావు లేచి నిలబడ్డాడు.

“సెప్పినాను సారూ! మీకే సెప్పినాను! మొదటి ఉత్తరంలో రాసినాను, ట్రాక్‌మేను, పనస సెక్క, బ్రేకు తీగలు, రైలు బోల్టు, అన్నీ. మీరేటని జవాబు రాసినారు? కొండ మీది మనిషికి ఈ పద్ధతి తెలిసే అవకాశం లేదు, ఎవరో మిమ్మల్ని మోసం చేశారు అని రాసినారు. ఇంట్లో ఉన్నాది కాయితం, తెమ్మంటే బేగి తెస్తాను. మీరొక్కరే కాదు, ఉన్నది ఉన్నట్టు సెప్తే రెండేళ్లలో ఒక్కడూ ఆగి ఇననేదు. రెండో ఉత్తరంలో పులి ఏడిసిందని రాత్తే మీరు బండెక్కి ఒచ్చినారు. మరి నానేం సెయ్యాలి? అక్కడ గొడ్లు కాసినోడు వాయిత్తే రికార్డు, ఇక్కడ రైలు పట్టాలు బిగించినోడు వాయిత్తే కోతలా?”

కృష్ణమూర్తి జేబులోంచి మళ్లీ పెన్ను తీసి జాబితా పక్కన పెట్టాడు.

సోములమ్మ లేచి వచ్చి ఆయన ముందున్న జాబితా మీద అల్లం మట్టి అంటిన వేలు పెట్టింది. “ఇందులో ఆడి గురించి ఏటని రాసి ఉన్నాది?”

“వాయించినవారు తెలియదు అని.”

“ఎవులికి తెలీదు? పదారేళ్లకి ఆడింటికొచ్చినాను. రోజూ ఇన్నాను. నాకు తెల్సు. కొట్టీ.”

కృష్ణమూర్తి కొట్టేశాడు. పైన పేరు రాశాడు. ఊరి పేరు అడిగి, కురిడిగుడ అని అదీ రాశాడు. కాగితం ఆవిడకి ఇచ్చాడు. సోములమ్మకి చదువు రాదు. కాసేపు దాన్నే చూసి, వరహాలరావు చేతిలో పెట్టింది.

“సదువు. ఉన్నదే సదువు. ఏటీ కలపకు.”

వరహాలరావు కాగితాన్ని కళ్ల దగ్గరగా పట్టుకున్నాడు. కొట్టులో అందరూ ఆయన నోటివంకే చూస్తున్నారు.

“గాసి, కురిడిగుడ,” అని చదివాడు. ఇంకో ముక్క కలపలేదు.