కిందనుంచి తీసిన ఫోటో

స్టూడియోలో తెర ముందు ఆమె నిలబడింది. తలకు కట్టిన స్కార్ఫు కింద జుట్టు లేదని ఫోటోగ్రాఫర్‌కు తెలుస్తూనే ఉంది గానీ, ఆ మాట ఎత్తలేదు. అలవాటు ప్రకారం కెమెరాను ఆమె కళ్ళకన్నా జానెడు పైకి లేపాడు.

"గడ్డం కొంచెం దించు తల్లీ. పైనుంచి తీస్తే ముఖం కోలగా, కళ్ళు పెద్దవిగా వస్తాయి."

"పైనుంచి వద్దు బాబాయ్. కిందికి దించండి."

"ఎందాకా?"

"మీ మోకాలికి కాస్త పైదాకా."

"అక్కణ్ణుంచా! గడ్డం కింద ముడతలు, ముక్కు రంధ్రాలు, అన్నీ బయటపడతాయి. చూసినవాళ్ళు నన్ను తిట్టిపోస్తారు."

"చూసేది మా బాబు. వాడికింకా మూడో ఏడే. నన్ను రోజూ అక్కణ్ణుంచే చూస్తాడు."

అతను లైటు సర్దుతున్నట్టు అటు తిరిగాడు.

"మందులు వాడుతున్నావుగా తల్లీ. అప్పుడే ఎందుకు..."

"డాక్టర్లు ఆపేశారు బాబాయ్."

"మరి నీ పెళ్ళప్పుడు తీశానే, ఎంత బాగా వచ్చిందో! అది పెద్దది చేసిస్తాను."

"అది మా గోడ మీదే ఉంది. చూపించి ఎవర్రా అంటే, 'ఆంటీ' అన్నాడు."

అతను కెమెరాను స్టాండు నుంచి విప్పి, నేల మీద చతికిలబడ్డాడు.

"నవ్వుతావో లేదో నీ ఇష్టం. ఇటు చూడు."

"ఒక చెయ్యి పైకి చాచండి బాబాయ్, ఎత్తుకోమన్నట్టు. వాడు అలాగే చాస్తాడు."

అతను చెయ్యి చాచాడు. గడ్డం కింద ముడతలన్నీ కనబడేలా ఆమె కిందికి వంగింది.